దొంగ గొంతు

మైలపల్లి ఎర్రన్న మైకును తెడ్డు పట్టుకున్నంత గట్టిగా పట్టుకుని మాటపెట్టె మీదికి వంగాడు. పిలుపుతో కలిపి పలకాల్సిన ఆ పూట మాట తెర మీద పడింది: తాబేలు.

"పావనీ, నాన్ననమ్మా. తాబేలు," అన్నాడు.

మంచం మీద అతని కూతురు కదలలేదు. కదిలే శక్తి ఆ పిల్లకు లేదు. స్కూటరు మీంచి పడ్డప్పుడు మెడ వెనక, మెదడు మొదట్లో తగిలిన దెబ్బకు ఒళ్ళంతా చచ్చుబడింది. తెలివి మాత్రం నిలిచింది. లోపల మాట పుడుతుంది, నోటిదాకా రాదు. చెవి వెనక అంటించిన బిళ్ళ ఆ మాటను పట్టి, సన్నటి తీగ గుండా మంచం కింది పెట్టెలోకి పంపుతుంది. పెట్టె అన్నం క్యారేజీ అంత ఉంటుంది. ఎవరిని తలుచుకుని ఆ మాట పుట్టిందో వాళ్ళొచ్చి పిలిచేదాకా అందులోనే ఉండిపోతుంది.

పిలిచిన గొంతును పెట్టె ముందు పిల్ల చెవిలో వినిపిస్తుంది. నావాళ్ళు అనుకున్న గొంతు వినగానే మెదడులో ఒక మెరుపు మెరుస్తుంది. అది తెచ్చిపెట్టుకుంటే వచ్చేది కాదు, ఆపుకుంటే ఆగేదీ కాదు. ఆ మెరుపే తాళంచెవి.

ఎర్రదీపం వెలిగింది. "కాదు," అంది పెట్టె.

"సూసారా బాబూ! మల్లీ అదే కూత," అన్నాడు ఎర్రన్న, వెనక్కి తిరిగి.

వెనక నిలబడ్డవాడు అప్పలసూరి. మాటపెట్టెలు తయారుచేసే ల్యాబ్‌లో పరీక్షలు చేసే ఉద్యోగం. వారానికోసారి ఆస్పత్రికి వచ్చి పెట్టెలు చూసి పోతాడు. బొబ్బిలి దగ్గర ఊరి బడిలో చదివినవాడు. దొరలాంటి ఇంగ్లీషు రాదు గానీ, ఏ యంత్రం చేతికిచ్చినా ఎక్కడ చెడిందో చెప్పకుండా కిందపెట్టడు. భార్య పోయాక మనుషులతో అవసరానికి మించి మాట్లాడడం మానేశాడు.

"పెట్టెకు రోగం లేదు," అన్నాడు. "నిన్న మీ ఆవిడ పిలిస్తే తెరుచుకుంది కదా?"

"తెరిసింది."

"మరింకేం? తల్లిని తనమనిషి అనుకుంది. నిన్ను అనుకోలేదు."

"అదేటి బాబూ అంత మాట! నాను కన్నతండ్రిని."

"కన్నంత మాత్రాన సరిపోదు. నువ్వు తాగుతావా?"

ఎర్రన్న తలదించాడు. "తాగేవోన్ని. మా గుంట పావని పడిపోయిందగ్గర్నించీ ముట్టలేదు. అమ్మతోడు."

"ఆ సంగతి మెదడుకు తెలీదు. అది పాత లెక్కే చూస్తుంది. పో, మీ ఆవిణ్ణి పంపు. మైకు అరగదీయకు."

పక్క మంచం దగ్గర నర్సు చేతిలో పని ఆపి చూసింది. అప్పలసూరి పట్టించుకోలేదు. నిజం చెబితే ఎవరికైనా చేదుగానే ఉంటుంది. ఆ చేదు తాను మింగినవాడే.

ఎర్రన్న లేవలేదు. "పెట్టె కాదంతాది. గుంట అవునంతాది. ఎవులి మాట నమ్మమంటావు?"

"గుంట ఎప్పుడందీ?"

"నిన్న ఆల్లమ్మతో అందంట. నాన్న పిలస్తన్నాడు, నాను పలకతన్నాను, మల్లీ ఎల్లిపోతన్నాడేటి అని."

అప్పలసూరి చెయ్యి తీగ మీద ఆగిపోయింది. ఆ మాట అతను ఇదివరకు ఒకసారి విన్నాడు. వేరే నోట, ఇదే వార్డు వరండాలో, కిటికీ పక్క మంచం మీది మనిషి మాటగా.

ఆ మంచం మీద అప్పుడున్నది అతని భార్య నూకరత్నం. పెరట్లో బట్టలారేస్తూ కూలిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ల్యాబ్ పెద్ద డాక్టర్ ఇందుమతి తానే వచ్చి, "సూరిగారూ, మొదటి పెట్టె మీ ఇంటికే," అంది. మొగుడు పరీక్షించిన పెట్టె పెళ్ళానికి పెట్టారని వార్డంతా చెప్పుకున్నారు. రత్నం చెల్లెలు వరాలు తొలిసారి పిలవగానే పెట్టె తెరుచుకుంది. "ఒసే వరాలూ, నా జడ ఎవులేసినారే, కుక్కతోకలాగ," అని రత్నం గొంతుతోనే పలికింది. వరాలు నవ్వి, ఏడ్చి, జడ విప్పి మళ్ళీ అల్లింది.

తర్వాత అప్పలసూరి పిలిచాడు. పెట్టె కాదంది.

మర్నాడు పిలిచాడు. కాదంది. జలుబేమో అనుకుని మిరియాల కషాయం తాగి వచ్చి పిలిచాడు. వరాలు పిలిచిన ప్రతిసారీ తెరుచుకుంది. అతను పిలిచిన ప్రతిసారీ కాదంది. వార్డంతా చూస్తుండగా కాదంది.

ఇంతకాలం కాపురం చేసి లోపల ఏం దాచుకుందో అనుకున్నాడు. ఎప్పుడో విసిరిన కంచం గుర్తొచ్చింది. పిల్లలు లేరని తన తల్లి ఎత్తిపొడిచిన రోజు తాను నోరు మెదపకుండా కూర్చోవడం గుర్తొచ్చింది. మెదడు అన్నీ రాసిపెట్టుకుంటుంది కాబోలు అనుకున్నాడు. అనుకున్నకొద్దీ మనసు రాయైంది.

వరాలు వరండాలోకి పరుగెత్తుకొచ్చి చెప్పింది. "బావా, అక్క పలుకుతున్నానంటంది. నువ్వు పిలిస్తే పలుకుతున్నానంటంది. మరెందుకు ఎల్లిపోతున్నావని అడుగుతంది."

"జాలిపడి కతలల్లకు," అన్నాడు.

"కత కాదు బావా!"

"ఆ పెట్టెను పరీక్షించినవాణ్ణి నేను. ఒక్క పరీక్ష తప్పలేదు. అది అబద్ధమాడదు. నువ్వాడుతున్నావు."

ఆ తర్వాత అతను వార్డుకు పోలేదు. మందుల డబ్బు పంపాడు, పళ్ళు పంపాడు, మనిషి పోలేదు. రత్నం పోయిన రోజున వచ్చి తలకొరివి పెట్టాడు. పెదకర్మ దాకా ఏ లోటూ రాకుండా జరిపించి, వరాలు ముఖం చూడకుండా ఇంటికొచ్చి తలుపేసుకున్నాడు. చచ్చినవాళ్ళను క్షమించాలంటారు. అతను క్షమించలేదు.

అందుకే ఎర్రన్న నోట అదే మాట వినగానే ముందు కోపం వచ్చింది. ఆడవాళ్ళంతా కూడబలుక్కుని ఒకే అబద్ధం ఆడుతున్నట్టు తోచింది. అబద్ధమని రుజువు చేసి మరీ ఎర్రన్న ముఖాన కొట్టాలనుకున్నాడు. ఆ పూట ఎర్రన్న పిలుపును పెట్టెలోంచి నకలు తీసుకుని ల్యాబ్‌కు తెచ్చాడు.

ల్యాబ్‌లో అతని బల్ల మీద ఒక బొమ్మపెట్టె ఉంటుంది. దాని వెనక రోగి ఉండరు, మెదడు ఉండదు. ఎవరు పిలిచినా అవునని మెరవడమే దాని పని. పెట్టెకూ పిలిచిన మనిషికీ మధ్య మాటలు మోసే పనిముట్టును పరీక్షించడానికి దాన్ని చేశారు. ఆ పనిముట్టును ల్యాబ్‌లో చేద అంటారు. నూతిలోంచి నీళ్ళు తోడినట్టు ఎక్కడున్నదాన్నైనా తోడి తెస్తుందని ఆ పేరు. ఒకప్పుడు అది ఉత్తరాలు తోడేది, బొమ్మలు తోడేది. ఇప్పుడు మనుషుల మాటలు తోడుతోంది. తోడి చేతికిచ్చిన మాట పెట్టెలో మిగలదు.

అప్పలసూరి ఎర్రన్న గొంతును బొమ్మపెట్టెకు వినిపించాడు. అది మెరిసింది. మెరవక చస్తుందా, ఎవరికైనా మెరుస్తుంది. మెరుపును అందుకుని చేద పైకి వచ్చింది.

ఎర్రదీపం వెలిగింది. "కాదు."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. బొమ్మపెట్టె దగ్గర కాదనిపించుకునే గొంతు ఈ లోకంలో ఒక్కటే ఉంది. అది ఎర్రన్నది కాదు.

పరీక్షలో రెండు తీర్లు చూడాలి. రావలసినవాణ్ణి రానివ్వాలి, రాకూడనివాణ్ణి ఆపాలి. బొమ్మపెట్టె అందరికీ అవునంటుంది గనుక, ఆపడం పరీక్షించాలంటే ఒక గొంతును దొంగ అని చేదలోనే రాయాలి. పక్కవాడి గొంతును దొంగ అనడం అపశకునమని, ఎవరి బల్ల దగ్గర వాళ్ళే దొంగగొంతు ఇచ్చుకోవడం ఆ ల్యాబ్‌లో ఆనవాయితీ. కొత్త పరీక్ష మొదలైన రోజున దొంగ గొంతు ఇచ్చినవాడే అందరికీ పకోడీలు పెట్టాలి. మాటపెట్టె పరీక్షకు గొంతు ఇచ్చింది అప్పలసూరి. పకోడీలు రత్నమే వేసి పంపింది.

ఆ రాత బల్ల మీదే ఉండిపోవాలి. కానీ బల్ల మీది చేదా ఆస్పత్రి చేదా ఒకే అచ్చులోంచి వచ్చాయి. రాత కూడా వెంట పోయింది. జలుబు చేసినా, వయసు మీరినా గొంతు మారుతుంది కదా అని, కాస్త దగ్గరగా ఉన్నా అదే గొంతని లెక్కేసేలా ముందే చేసి పెట్టారు. అతనిదిలాగే బీడీ పొగకు మాడి, ఉత్తరాంధ్ర యాసతో బరువుగా పలికే మగగొంతు ఏదైనా సరే, చేద దృష్టిలో అది అప్పలసూరే. అప్పలసూరి అంటే దొంగ.

అన్ని పరీక్షలూ సవ్యంగా జరిగాయి. దొంగే ఇంటి యజమాని అయితే ఏమవుతుందన్న పరీక్ష మాత్రం ఎవరూ చెయ్యలేదు.

ఇందుమతి గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళి జరిగింది చెప్పాడు. ఆమె విన్నది. విని, కళ్ళజోడు తీసి, చాలాసేపు కొంగుతో తుడిచింది.

"రత్నం పెట్టె స్టోరులో ఉందా?" అన్నాడు.

"ఉంది."

"తెప్పించండి."

పెట్టె వచ్చింది. అందులో ఏముందో తెరవకుండా తెలియదు గానీ ఎంత ఉందో తెలుస్తుంది. ముప్పాతిక వంతు నిండి ఉంది. పిలుపులు, వాటికి వచ్చిన మెరుపులు తెర మీద వరసగా కనబడ్డాయి. వరాలు పిలిచినప్పుడల్లా చిన్న మెరుపు. అప్పలసూరి పిలిచిన ప్రతిసారీ గీత తెర పైఅంచుదాకా లేచింది. ప్రతి మెరుపునూ చేద పైదాకా తెచ్చి, గుమ్మంలో ఆగి, దొంగ అని చదువుకుని, వెనక్కి పారబోసింది.

"పలికింది," అన్నాడు.

"సూరిగారూ, కూర్చోండి."

"ఈ మెరుపులున్నాయి కదా. వీటిలో ఒకటి తీసి ఇప్పుడు వాడితే తెరుచుకోదా?"

ఇందుమతి తల అడ్డంగా ఊపింది. ఎందుకో అతనికి చెప్పక్కర్లేదు. మొదట్లో పెట్టె పాత మెరుపుకు తెరుచుకునేది. ఎవడైనా దొంగిలించి దాచిన మెరుపుతో మంచాన పడ్డ మనిషి మనసు దోచుకుపోవచ్చని బల్ల గుద్ది పోట్లాడింది అప్పలసూరే. ప్రతి పిలుపుకూ పెట్టె ఒక కొత్త మాట ఇవ్వాలనీ, ఆ మాటతో కలిసి మెరిసిన మెరుపే ఆ పూటకు చెల్లాలనీ పట్టుబట్టి మార్పించాడు. మార్చాక తన చేతులతో పగలగొట్టడానికి చూశాడు. పగల్లేదు. ఆ రోజు చాలా సంతోషించాడు.

"మెరవాల్సిన మనిషి ఉండాలి," అంది ఇందుమతి.

"కాల్చేశాను మేడమ్."

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఏడ్చే పని తర్వాత చూసుకోండి. ఈ చేద ఎన్ని ఆస్పత్రుల్లో ఉంది?"

"అన్నింట్లో."

"దొంగగొంతు ఇవాళే తీయించండి."

"తీయిస్తాను. వచ్చే విడత మార్పులతో కలిపి పంపితే గొడవుండదు. ఇప్పుడు విడిగా పంపితే ఎందుకని అడుగుతారు. అడిగితే..."

"అడిగితే చెబుతాం. మొగుడు పిలుస్తున్నాడు, తండ్రి పిలుస్తున్నాడు, కాదు పొమ్మంటున్నాం. వాళ్ళు మంచం మీద పడి పలుకుతూనే ఉన్నారు. మీరు విడతలంటున్నారు. మీరు పంపకపోతే నేనే వార్డు వార్డుకూ వెళ్ళి, ఆ దొంగను నేనేనని చెబుతాను."

ఆమె ఫోను అందుకుంది. సాయంత్రానికి కొత్త చేద అన్ని ఆస్పత్రులకూ వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే అప్పలసూరి వార్డుకు వెళ్ళి ఎర్రన్నను పిలిపించాడు. ఎర్రన్న చేపలవేట నుంచి నేరుగా వచ్చాడు, లుంగీ అంచు ఇంకా తడిగా ఉంది. భార్య చిట్టెమ్మ వెనకే నిలబడింది. తెర మీద మాట పడింది: నిచ్చెన.

"ఇయ్యాల మల్లీ కాదంటే నాను సముద్రం మీదికే పోతాను, ఇంక రాను," అన్నాడు.

"పిలు," అన్నాడు అప్పలసూరి.

"పావనీ, నాన్నని. నిచ్చెన."

పచ్చదీపం వెలిగింది. పెట్టెలో మూలుగుతున్న మాటలన్నీ గట్టు తెగినట్టు వచ్చాయి.

"నాన్నా, ఇక్కడే ఉన్నాను. నాన్నా, ఎల్లిపోకు, పలికాను కదా. నీకు సెవుడొచ్చిందేటి? అమ్మా, ఆయనకి సెవులు సూపించవే. నాన్నా, ఇయ్యాల వొంజరం సేప పడిందా? లుంగీ మార్సుకుని రా, వార్డంతా కంపు. నాన్నా, మందు మానీసావంట, అమ్మ సెప్పింది. నాను నమ్మలేదు. నువ్వొచ్చి సెప్పు. నాన్నా, ఏల రావు?"

ఎర్రన్న పెట్టెను రెండు చేతులతో పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే నేల మీద చతికిలబడ్డాడు. "మానీసినానే, నీ మీదొట్టు," అని మంచం కోడును పట్టుకుని అరిచాడు. చిట్టెమ్మ అతని వీపు మీద దబదబా కొట్టింది. "సెప్పినానా నేదా? సెప్పినానా నేదా నీకు, పలకతందని?"

కాసేపటికి ఎర్రన్న కళ్ళు తుడుచుకుని అప్పలసూరి వైపు తిరిగాడు. "మరిన్నాల్లూ ఏల కాదంది బాబూ?"

"నా గొంతును ఆపమని దాంట్లో రాసుంది. నీ గొంతు నా గొంతులాగుంది. పొరపాటు మాది."

ఎర్రన్న ఆ మాటను నెమ్మదిగా నమిలాడు. "పెట్టెది పొరపాటు. సరే. నిన్న నా కూతురి ముందర నిలబడి, నిన్ను తనమనిసి అనుకోలేదు పో అన్నావు. అది కూడా పెట్టేనా అంది?"

అప్పలసూరి మైకు తీసి పక్కన పెట్టాడు.

"ఎల్లు బాబూ," అన్నాడు ఎర్రన్న. "నీ మొకం నాకు సూపించకు."

అక్కడి నుంచి అప్పలసూరి గోపాలపట్నం బస్సెక్కాడు. వరాలు కుట్టుమిషను పెట్టుకున్న గది రోడ్డు పక్కనే ఉంది. అతన్ని చూసి కూడా మిషను ఆపలేదు. జాకెట్టు చెయ్యి కుట్టడం అయ్యేదాకా తొక్కి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది.

"ఎవులు సచ్చిపోయినారు?" అంది.

"ఎవరూ పోలేదు."

"మరి నువ్వెందుకొచ్చావు?"

చెప్పాడు. నిలబడే చెప్పాడు. వరాలు అంతా విన్నది. చేతిలో కత్తెర అలాగే ఉంది.

"అయితే ఇప్పుడు నమ్మీసావన్నమాట," అంది. "నాను సెప్పితే నమ్మలేదు. అక్క సెప్పమందంటే నమ్మలేదు. గీతలు సూసి నమ్మావు."

"నమ్మాను."

"అబద్ధమాడతన్నావన్నావు నన్ను. వొరండాలో అందరూ ఇంటుండగా అన్నావు."

"అన్నాను."

"తప్పయిందను."

"అంటే పోతుందా?"

"పోదు. అయినా అను."

అన్నాడు. ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు. కుట్టిన చెయ్యిని తిరగేసి దారపు కొసలు కత్తిరించింది.

"అక్క ఇంకేమైనా అందా, వరాలూ? నేను రావడం మానేశాక."

"అంది."

"చెప్పు."

వరాలు ఇంకో దారపు కొస కత్తిరించింది. బయట బస్సులు పోతున్నాయి. అతను నిలబడే ఉన్నాడు.

"నువ్వు రావడం మానీసినాక రెండు మూడ్రోజులు అడిగింది. నాను ఏదో ఒకటి సెప్పినాను. డూటీ అన్నాను, జొరం అన్నాను. తరవాత అడగడం మానీసింది. ఒక రోజున తలకి నూనె రాస్తంటే అంది. ఒసే, మావ వరండాలోనే ఉండి పిలస్తన్నాడేమో, నాకు ఇనబడటం లేదేమో. సెవుడు నాకొచ్చిందేమో. అందుకని నాను పలకతానే ఉంటన్నానే, ఎప్పుడు పిలిసినా అందేలాగ అంది." వరాలు కత్తెర బల్ల మీద పెట్టింది. "ఆ పెట్టెలో దాసుకున్న రగస్యాలు ఏటీ నేవు బావా. మావా, ఉన్నాను. మావా, ఉన్నాను. అంతే ఉంటాది."

అప్పలసూరి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"టీ తాగుతావా?" అంది వరాలు. అతను తలూపేలోపే, "సమించీసినానని కాదు. ఎండన పడి వచ్చావు, అందుకు," అంది.

"క్షమించొద్దు," అన్నాడు.

టీ తాగాడు. గ్లాసు తానే కడిగి బోర్లించి వచ్చాడు.

ల్యాబ్‌లో మధ్యాహ్నపు భోజనాల వేళ స్టోరు గదిలోకి వెళ్ళి రత్నం పెట్టెకు కరెంటు పెట్టాడు. కొత్త చేదను దానికి కలిపాడు. చెవి బిళ్ళ తీగ చివర వేలాడుతోంది. దాన్ని తీసి ఉత్త బల్ల మీద పెట్టాడు. తెర మీద మాట పడింది: చింతకాయ.

మైకు దగ్గరికి వంగాడు.

"రత్నమ్మా, నేనే. చింతకాయ."

అతని గొంతు తీగ గుండా వెళ్ళి, బల్ల మీది బిళ్ళలో చీమ కదిలినంత సవ్వడి చేసింది. దీపం వెలగలేదు. ఇంతకుముందు ఈపాటికి కాదనేసేది. ఇప్పుడు అనలేదు. బిళ్ళ అవతల ఎవరో ఉన్నారనుకుని, వాళ్ళు మెరుస్తారేమోనని చేద కాచుకుని ఉంది. గడువు తీరేదాకా కాచుకోవాలి. ఆ గడువు పెట్టించింది కూడా అతనే. ముసలివాళ్ళకు గుర్తుపట్టడానికి వ్యవధి కావాలని ఉదారంగా పెట్టించాడు.

అతనూ కాచుకున్నాడు. కిటికీలోంచి కింద క్యాంటీన్‌లో కంచాల చప్పుడు వినబడుతోంది. లేవాలని అనిపించలేదు. గడువు ఇంకా పొడుగ్గా పెట్టించాల్సింది అనుకున్నాడు.

తెర మీద అక్షరాలు పడ్డాయి: పిలుపు అందింది. జవాబు లేదు.

అప్పలసూరి దాన్ని రెండుసార్లు చదివాడు. పరీక్షలు చేసేవాడి కళ్ళతోనే చదివాడు. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.